వెలగకూడని గొట్టం

కృపాదానం బండి వెనక కూర్చున్నవాడి ఒళ్లో ఎప్పుడూ ఒక తెల్లటి థర్మాకోల్ పెట్టె ఉంటుంది. ఆ వెనక కూర్చునేది నేనే. రిటైరైన మనిషిని, ఇంట్లో ఉంటే కోడలికి అడ్డం, పైగా అతని పక్కింటివాణ్ణి. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట దాకా, అక్కడి నుంచి మైపాడు దాకా, ఒక్కోసారి ఉత్తరాన జువ్వలదిన్నె దాకా ఆ పెట్టె కుదుపులకు ఒరిగిపోకుండా పట్టుకోవడం నా పని. పెట్టె అంచుల్లోంచి తెల్లటి పొగ వస్తూ ఉంటుంది. మామూలు ఐసు కాదది, పొగలాగా కరిగిపోయే ఐసు. ఆ పొగ కాళ్ల మీదుగా జారుతూ రోడ్డంతా పాకుతుంటే మైపాడు కుక్కలు మొరగడం మాని పక్కకు తప్పుకునేవి. ఒక కుక్క అయితే మోకాళ్ల మీద కూర్చుంది. నేను చూశాను.

పెట్టెలో ఏముందని దారిలో అందరూ అడిగేవారు. నేను రోజుకో మాట చెప్పేవాణ్ణి. నిజానికి అందులో ఉండేవి మందులు నింపిన వేలెడంత గొట్టాలు. కొన్ని నెల్లూరులో ఒక పరిశోధనశాలకు పోయేవి. మనిషి ఒంట్లో తయారయ్యే పెరుగుదల మాంసకృత్తుల్ని సూక్ష్మజీవుల చేత వండించి, వాటితో గాజు పళ్లెంలో చర్మం పెంచుతారట. ఆ చుక్క ఒకటి నా బట్టతల మీద పడిందనీ, మూడో రోజుకు నాలుగు వెంట్రుకలు వచ్చాయనీ చర్చిలో చెప్తే, ఇద్దరు పెద్దమనుషులు మరుసటి ఆదివారం టోపీలు తీసి కృపాదానం పక్కన కూర్చున్నారు. మిగిలిన గొట్టాలన్నీ తీరం వెంబడి రొయ్యల గుంటల కోసం పెట్టిన, జబ్బు పరీక్షించే పీసీఆర్ ల్యాబులకు. ఈ కథ వాటిది.

కృపాదానం ఇందుకూరుపేట పక్క పల్లెవాడు. ఇంటర్ దాకా చదివి ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. ఇరవై ఏళ్లు ఐసు దిమ్మెలు మోసి, అరచేతులు తిమ్మిరెక్కి, వేడి కాఫీ గ్లాసు పట్టుకున్నా తెలియనంత మొద్దుబారాక, నెల్లూరులో ల్యాబు సరుకులు అమ్మే ఏజెన్సీ వాళ్లు చల్లదనం సంగతి తెలిసిన మనిషని పనిలో పెట్టుకున్నారు. మా చర్చి సంఘంలో పెద్ద. పాట పాడితే శ్రుతి ఎటుపోయినా పట్టించుకోడు గానీ, ప్రార్థన చేస్తే ఏడ్చేవాళ్లు ఏడుపు ఆపుతారు. అంత నిదానమైన గొంతు.

అతని జేబులో ఒక నూనె సీసా ఉండేది. ముదురు గోధుమరంగు మందు సీసా. పెళ్లయిన కొత్తలో భార్య రెబెక్కమ్మకు జ్వరం తగ్గకపోతే పెద్ద పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనె అది. ప్రార్థన చేసిన నూనెను పారబోయకూడదు, అయిపోనివ్వకూడదు అని మా వాళ్ల పట్టుదల. సగానికి రాగానే రెబెక్కమ్మ కొత్త నూనె పోసేది. పెరుగుకు తోడు పెట్టినట్టు పాత నూనెలోని ప్రార్థన కొత్తదానికి అంటుతుందని వాళ్ల నమ్మకం. అందుకే ఆ సీసాను ఎన్నడూ కడగలేదు.

గుంటలో కొత్త పంటకు రొయ్యపిల్ల వదిలే రోజు రైతులు కృపాదానాన్ని పిలిచేవారు. ముందు మా క్రైస్తవ రైతులు, తర్వాత అందరూ. పద్మనాభయ్య అనే రైతు ఒక చేత్తో కొబ్బరికాయ కొట్టి రెండో చెయ్యి నూనె కోసం చాపేవాడు. పద్ధతేమిటంటే, రైతు ముందు గుంట నీళ్లలో చెయ్యి శుభ్రంగా కడుక్కోవాలి. పవిత్రమైన నూనెను మురికి చేత్తో ముట్టుకోకూడదు కదా. ఆ వేలు సీసాలో ముంచి, ఒక చుక్క నీళ్లలో వదిలి, నీళ్లు తిప్పే ఏరియేటర్ స్తంభానికి కాస్త రాయాలి. అప్పుడు కృపాదానం ప్రార్థన. ఆమెన్ అనగానే రొయ్యపిల్ల సంచులు విప్పేవారు.

ఇందుకూరుపేటలో పీసీఆర్ ల్యాబు సుప్రియది. చురుకైన పిల్ల, మాట తూటా. గుడ్లు పొదిగించే హేచరీ నుంచి వచ్చిన రొయ్యపిల్లలో తెల్లమచ్చల జబ్బు ఉందో లేదో చూసి చెప్పడం ఆమె పని. జబ్బు ఆనవాలు ఒక్క పోగున్నా యంత్రం దాన్ని రెండు చేస్తుంది, రెండును నాలుగు చేస్తుంది, అలా కోట్లకు పెంచి చూపిస్తుంది. రెబెక్కమ్మ తోడు పెట్టడం లాంటిదే. ఆ పెరిగినదాన్ని జెల్ పలక మీద పరుగెత్తించి చీకటి గదిలో ఊదారంగు దీపం మీద పెడితే, ఉన్నచోట గీతలాగా వెలుగుతుంది.

ప్రతిసారీ సుప్రియ ఒక గొట్టంలో రొయ్య ముక్కేమీ వెయ్యకుండా ఉత్త నీళ్లే పోసేది. మందులన్నీ కలుపుతుంది, యంత్రంలో పెడుతుంది, అది మాత్రం వెలగకూడదు. అది చీకటిగా ఉంటేనే మిగతా గొట్టాలు చెప్పేది నిజం. నేను చదివిన కాన్వెంటులో ఒక సిస్టరమ్మ ఖాళీ గ్లాసు చూపించి, ఇందులో ఏముంది అని అడిగి, ఏమీ లేదన్నవాడి వేళ్ల మీద స్కేలుతో కొట్టేది. ఆమెను సుప్రియ ల్యాబుకు తీసుకొచ్చి కూర్చోబెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఒకసారి సుప్రియ యంత్రం మొరాయించింది. బాగుచేసేవాడు చెన్నై నుంచి రావాలి. కృపాదానం పెట్టె దించి, యంత్రం మూత మీద ఒక చుక్క నూనె రాసి ప్రార్థించాడు. యంత్రం కూనిరాగం తీస్తూ కదిలింది. నేనప్పుడు ప్లగ్గును కాలితో లోపలికి తోసిన మాట ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి సుప్రియే అడిగేది, పెట్టె మూతకు ఒక చుక్క రాసి ఇమ్మని. కబురు పాకి తీరంలోని మిగతా ల్యాబులవాళ్లూ అడగడం మొదలుపెట్టారు.

ఆ ఎండాకాలంలో ఖాళీ గొట్టం వెలిగింది.

మొదటిసారి సుప్రియ తనే పొరపాటు చేశాననుకుని అంతా పారేసి మళ్లీ చేసింది. మళ్లీ వెలిగింది. నీళ్లు మార్చింది. బల్లలు తుడిచింది. కొత్త మందుల పెట్టె తెప్పించింది, కృపాదానమే తెచ్చాడు. అదీ వెలిగింది. ఆ మధ్యాహ్నం నన్ను కూడా చీకటి గదిలోకి పిలిచి చూపించింది. బయట ఎండకు తారు రోడ్డు మెత్తబడుతోంది. లోపల ఊదా వెలుతురులో మా పళ్లు, సుప్రియ కళ్లలో తెల్లగుడ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. పలక చివర, ఏమీ లేనిచోట, ఒక సన్నటి గీత. నిద్ర నటిస్తున్నవాడి కనురెప్ప కింద తెలుపు కనబడినట్టు.

"ఇందులో ఏం వెయ్యలేదు తాతా, ఉత్త నీళ్లు" అంది సుప్రియ. గొంతు తగ్గించి చెప్పింది, ఆ గీత వింటుందేమో అన్నట్టు.

తర్వాత జువ్వలదిన్నె దగ్గరి ల్యాబులోనూ అంతే. మైపాడు వైపు ల్యాబులోనూ అంతే. దొరవారిసత్రం ల్యాబుకు మాత్రం పెట్టె బస్సులో పోయేది, అక్కడ ఖాళీ గొట్టం చీకటిగానే ఉంది. జనం లెక్క కట్టడానికి అంతకంటే ఏం కావాలి? కృపాదానం ముట్టుకున్న పెట్టెలే వెలుగుతున్నాయి. ఆ మాటకు కాళ్లొచ్చి గుంటల మీదకు నడిచింది. అతను ప్రార్థన చేసిన గుంటలు జబ్బుతో ఎన్ని పోయాయో ఎవరికి వారు గుర్తు చేసుకున్నారు. పోని గుంటలు ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పుడే పద్మనాభయ్య గుంట పోయింది. మేము ఆ దారినే వెళ్తూ చూశాం. పట్టపగలు. ఏరియేటర్లు ఆపేశారు, అంత పెద్ద చప్పుడు ఆగిపోతే చెవుల్లో ఏదో పోసినట్టుంటుంది. రొయ్యలన్నీ గట్టు అంచుకు వచ్చి, ఒకదాని మీద ఒకటి ఆనుకుని, సముద్రం వైపు కాక మనుషుల వైపు తలలు పెట్టి నిలబడ్డాయి. ఒక్కోదాని డొప్ప మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టినట్టు తెల్లమచ్చలు. మామూలుగా అయితే కాకులు, కొంగలు మనకంటే ముందు వస్తాయి. ఆ రోజు కరెంటు తీగల మీద వరుసగా కూర్చున్నాయి గానీ ఒక్కటీ కిందికి దిగలేదు.

కృపాదానం బండి ఆపి గట్టెక్కబోయాడు. పద్మనాభయ్య అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"యాడికి వస్తుండావు? నువ్వు గట్టు తొక్కబాక" అన్నాడు. తిట్టలేదు, అరవలేదు. అందువల్ల మరీ బాధగా ఉండింది.

ఆ సాయంత్రం కృపాదానం అన్నం ముందు కూర్చుని చేతులు చూసుకున్నాడు. కలుపుకోడు, తినడు. రెబెక్కమ్మ అతని మీద జాలిపడే మనిషి కాదు. "చేతుల్లో ఏం కనబడతా ఉండాది, సినిమానా?" అంది. అతను చెప్పాడు, తన చేతుల్లోంచే చావు పోతోందేమోనని. ఇక గుంటల మీద ప్రార్థన చెయ్యనని, పెట్టెలు మొయ్యనని. రెబెక్కమ్మ ముంతలో నీళ్లు తెచ్చి అతని చేతులు తనే కడిగి, అన్నం కలిపి ముద్ద చేతిలో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, నాకు నోరు తప్ప పని లేదు కాబట్టి ఏదో ఒకటి కనిపెట్టమని ఆజ్ఞ ఇచ్చింది.

నాకు తట్టింది ఒకటే. గొట్టాలు రొయ్య ముక్కను పరీక్ష చేస్తాయి కదా, కృపాదానాన్ని పరీక్ష చెయ్యలేవా? సుప్రియ నవ్వలేదు. ఆ పిల్లకు అప్పటికే నవ్వు పోయింది. చీకటి గదిలోకి ఒంటరిగా వెళ్లడం మానేసి రేడియో తోడు తీసుకెళ్తోంది. వేరే ఊరి నుంచి బస్సులో కొత్త మందులు తెప్పించుకుని, మర్నాడు మమ్మల్ని రమ్మంది.

అతని అరచేతులు దూదితో తుడిచింది. బండి హ్యాండిల్, పెట్టెకు చుట్టే తువ్వాలు, బైబిలు అట్ట, చొక్కా జేబు అన్నీ తుడిచింది. పాత పెట్టె మూత తుడిచింది. కృపాదానం అడ్డం చెప్పకుండా అన్నిటికీ చెయ్యి చాపాడు, ఆస్పత్రిలో పిల్లవాడిలాగా. చివరికి జేబులోని సీసా బల్ల మీద పెట్టాడు. సుప్రియ దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి ఎండకు అడ్డంగా పట్టుకుంది. ముదురు రంగు గాజు, ఇన్నేళ్లలో ఎవరూ అలా పట్టి చూడలేదు.

పైన నూనె. కింద, అడుగున, వేలెడు మందాన నీళ్లు.

ఎవరూ ఆ సీసాలో నీళ్లు పొయ్యలేదు. మసకగా, కాస్త ఆకుపచ్చగా, సీసా వంచినప్పుడల్లా నూనె కింద నిదానంగా పక్కకు ఒత్తిగిల్లుతోంది. రైతులు చెయ్యి కడుక్కుని తడి వేలు ముంచినప్పుడల్లా జారిన ఒక్కో చుక్క. నూనె కిందికి దిగి అక్కడ చేరి, ఏళ్ల తరబడి కూర్చుంది. మైపాడు నుంచి జువ్వలదిన్నె దాకా కృపాదానం ప్రార్థించిన ప్రతి గుంటా ఆ అడుగున ఉంది. బతికినవీ, పోయినవీ.

సుప్రియ సూదితో ఆ నీళ్లు ఒక చుక్క తీసింది.

యంత్రం తిరిగినంతసేపూ ముగ్గురం వరండాలో కూర్చున్నాం. నేను కుక్క మోకాళ్ల మీద కూర్చున్న సంగతి మళ్లీ చెప్పాను. ఎవరూ వినలేదు.

చీకటి గదిలో అతని చేతులకు గీత రాలేదు. తువ్వాలుకు రాలేదు, బైబిలుకు రాలేదు. పెట్టె మూతకు సన్నగా వచ్చింది. సీసా నీళ్లకు వచ్చిన గీత చూసి సుప్రియ వెనక్కి జరిగింది. జబ్బు రొయ్యనే తెచ్చి పెట్టినా అంత వెలగదట. ఆ ఊదా చీకట్లో అది పలక మీద కాక గాలిలో వెలుగుతున్నట్టుంది. కృపాదానం ముఖం కింద నుంచి తెల్లగా కనిపించింది.

ఆ పిల్ల విడమరచి చెప్పింది. మూత మీద రాసిన చుక్కలోంచి ఆనవాలు తన గ్లవుజుకు, గ్లవుజు నుంచి గొట్టాలకు అంటింది. కనిపించనంత కాస్త చాలు, యంత్రం పెంచుతుంది. దెయ్యమూ కాదు, శాపమూ కాదు. మూతకు చుక్క రాయమని అడిగింది తనే కాబట్టి తప్పులో తనకూ వాటా ఉందంది.

కృపాదానానికి అదేదీ చెవికెక్కలేదు. అతను అడగాలనుకున్నది ఒకటే.

"అయితే అమ్మా, నేను గుంటల్లో వదిలిన చుక్కల్లో జబ్బు ఉన్నట్టేనా? గుంటల్ని నేనే చంపినానా?"

సుప్రియ ఊదా దీపం ఆర్పి చెప్పింది. "ఇది ఉందని మాత్రమే చెప్తుంది మామా. బతికుందా చచ్చిందా చెప్పలేదు. చచ్చినవి కూడా ఇట్లాగే వెలుగుతాయి."

ఆ మాట రుజువు చెయ్యడానికని ఆమె ఆ సీసాను పెద్ద ఆవిరి కుక్కర్లో పెట్టి ఉడికించింది. ఏ ప్రాణీ మిగలనంత వేడి. మళ్లీ చూస్తే మళ్లీ వెలిగింది, కాస్త మసకగా, అంతే. ఉడికిన నూనెను ఇక కాలువలోనూ సముద్రంలోనూ పొయ్యకుండా, ఆస్పత్రుల చెత్త కాల్చే చోటికి పంపిస్తానంది. కృపాదానం తల ఊపాడు. ప్రార్థన చేసిన నూనెను పారేయకూడదని అనడానికి అతనికి నోరు రాలేదు. ఇంటికెళ్లి చెప్తే రెబెక్కమ్మ, జ్వరం తగ్గిన తన ఒంట్లో ఉన్నదే చాలు, ఇక సీసా ఎందుకు అంది. తర్వాత దొడ్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

మూతకు చుక్క పెట్టడం మానేశాక, ల్యాబులన్నీ కడిగి తుడిచాక, ఖాళీ గొట్టాలు మళ్లీ చీకటయ్యాయి. పెట్టెలు మొయ్యడానికి అతని మీద ఇక ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ అతను నిమ్మళించలేదు. తను ప్రార్థించిన గుంట రైతులందరి దగ్గరికీ ఒక్కొక్కరి దగ్గరికే వెళ్లి చెప్పి వస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఎవరికీ తెలియని సంగతి, మీద వేసుకోవడం ఎందుకన్నాను. అతను బండి తీశాడు. నేను ఎక్కి కూర్చున్నాను, ఒళ్లో పెట్టె లేకుండా కూర్చోవడం చేతకాక ఊరికే మోకాళ్లు పట్టుకున్నాను.

ఒకరు తిట్టారు. ఒకరు మజ్జిగ ఇచ్చారు. పద్మనాభయ్య మాత్రం ఎండిపోయిన తన గుంటలో నిలబడి అంతా విని, సూటిగా అడిగాడు.

"జబ్బు నీ సీసాలోంచి వచ్చిందా, రాలేదా?"

"తెలీదన్నా. యంత్రానికి కూడా తెలీదంట."

"తెలిస్తే కొట్టేవాణ్ణి" అన్నాడు పద్మనాభయ్య. "తెలీకపోతే నిన్ను ఏం చేసుకోమంటావు?"

ఆ పక్క గుంట అతని వదిన చెంచమ్మది. మొగుడు పోయాక తనే చేయించుకుంటోంది. ఉన్నదంతా ఆ నీళ్లలోనే పెట్టింది, రెండో పంట కూడా పోతే గుంట చేతిలో ఉండదు. ఆమె ఇదంతా గట్టు మీద నుంచి విన్నది. రొయ్యపిల్ల వచ్చే వారం వస్తుందనీ, ప్రార్థనకు రమ్మనీ కృపాదానాన్ని పిలిచింది. మరిది ముఖం ఎర్రబడినా లెక్కచెయ్యలేదు. కృపాదానం రానన్నాడు. నూనె లేదన్నాడు. నూనె ఎవరడిగారు, మీ ఇంట్లో కూరకు పోసుకోండి అంది చెంచమ్మ.

రొయ్యపిల్ల వచ్చింది. సుప్రియ పరీక్షలో శుభ్రంగా తేలింది, ఖాళీ గొట్టం కూడా చీకటిగా ఉంది. ఆ పొద్దున కృపాదానం వెళ్లనని భీష్మించుకుని కూర్చుంటే రెబెక్కమ్మ అతని చెప్పులు తెచ్చి ముందు పడేసింది.

మబ్బు పట్టిన ఉదయం. సముద్రం చప్పుడు దగ్గరగా వినిపిస్తోంది. చెంచమ్మ గుంటలో బ్లీచింగు వేసి, పురుగు కూడా లేకుండా చేసి, నీళ్లు వడకట్టి నింపింది. గాలి లేదు. నీళ్లు పలకలా పరుచుకుని ఉన్నాయి. పిల్ల సంచులు ఇంకా కట్టి ఉండగానే అంచున తేలుతున్నాయి. పద్మనాభయ్య దూరంగా, తన గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కృపాదానం గట్టెక్కి నీళ్లకు మూరెడు దూరంలోనే ఆగిపోయాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టి గట్టిగా పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదలలేదు. అంత గొప్ప గొంతు ఎక్కడికి పోయిందో, మాట రాలేదు. మేమంతా తలలు వంచి నిలబడ్డాం. నేను ఒక కన్ను తెరిచి చూస్తున్నాను, నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ఏం చెప్పేదమ్మా నేను?" అన్నాడు చివరికి. "దేవుణ్ణి కాయమని అడుగుతా ఉండాను. కాయాల్సింది నా నుంచేనేమో."

"అదే చెప్పు" అంది చెంచమ్మ. "దాచిపెట్టి అడిగేదానికంటే అదే మేలు కదన్నా."

అతను అదే చెప్పాడు. చాలా చిన్నగా, నీళ్లకు మాత్రమే వినపడేంతగా. అప్పుడు నేను చూశాను. గాలి లేదు, ఏరియేటర్లు ఇంకా వెయ్యలేదు, నీళ్లలో ఏ ప్రాణీ లేదు. ఆవలి అంచు నుంచి సన్నటి ముడతలు లేచాయి. మధ్యకు వచ్చాయి. ఇంకా వచ్చాయి, తిన్నగా అతను నిలబడ్డ చోటికి, అక్కడ గట్టుకు తగిలి ఆగాయి. పద్మనాభయ్య కట్టుకున్న చేతులు విప్పాడు. చెంచమ్మ కూడా చూసింది. ఆమె చేతిలో సంచి ముడి సగం విప్పి ఉంది.

"అన్నా, నువ్వు కాస్త ఆ మూలకు పోయి నిలబడు" అంది.

కృపాదానం కళ్లు తెరవకుండానే గట్టు మీద కాళ్లతో తడుముకుంటూ మూలకు వెళ్లాడు. ముడతలు చెదిరాయి. మళ్లీ చేరి, అతని వెంటే అంచు పట్టుకుని ఆ మూలకు పోయాయి. ఆమెన్ అన్నాడు. అవి అక్కడే మెల్లగా ఊగుతూ ఉన్నాయి.

చెంచమ్మకున్న గుండె మాకెవరికీ లేదు. సంచులన్నీ ఎత్తుకుని ఆ మూలకే నడిచి, కృపాదానం కాళ్ల ముందు కూర్చుని, ముడి విప్పి, రొయ్యపిల్లను ఆ ముడతల్లోకే వంచింది. నలకల్లాంటి వేల ప్రాణాలు నీళ్లలోకి జారాయి. కొన్ని గట్టు తడిలో చిక్కుకుని గిలగిల్లాడాయి. కృపాదానం వంగాడు, వాటిని లోపలికి తోద్దామని. అంతలోనే ఆగిపోయి, వెనక చేతులు ఇంకా గట్టిగా బిగించుకుని, చెంచమ్మ వాటిని ఒక్కొక్కటే వేలితో నీళ్లలోకి తోస్తుంటే నిలబడి చూశాడు.